హోమ్ స్టాఫ్‌కి ఐదు రోజుల ‘థెరప్యూటిక్ కేర్’ ట్రైనింగ్: వెళ్లొచ్చిన హౌస్ మదర్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి మూడున్నర. మొదటి మూడు రోజులకైతే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నం సెషన్‌కి సున్నా. డబ్బులు దండగ కాలేదు గానీ, మేనేజ్‌మెంట్ వాళ్లని కూర్చోబెట్టకుండా స్టాఫ్‌ని మాత్రమే పంపితే సగం దండగే.

నేను గుంటూరు జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడపిల్లల హోమ్‌లో హౌస్ మదర్‌ని. పిల్లలు ‘పెద్దమ్మా’ అంటారు. బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్‌తో మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అమ్మో నాన్నో పోయిన పిల్లలు, ఇంట్లో గడవక వచ్చిన పిల్లలు. కొత్తలో ఏడుస్తారు, నెల తిరిగేసరికి స్నేహితులు దొరుకుతారు, బడికి పోతారు. ఈ రివ్యూ వాళ్ల గురించి కాదు. ప్రతి హోమ్‌లోనూ ముగ్గురో నలుగురో వేరే పిల్లలుంటారు. అన్నం పళ్లెం గోడకేసి కొట్టేవాళ్లు, గాజు ముక్కతో చెయ్యి కోసుకునేవాళ్లు, పదమూడేళ్లొచ్చినా పక్క తడిపి ఆ దుప్పటి ఇంకొకరి మంచం కింద దాచేవాళ్లు. దగ్గరికి తీసుకుంటే కొరుకుతారు, తీసుకోకపోతే వెనకే తిరుగుతూ బూతులు తిడతారు. రెండు మూడు హోములు మారి, ‘ఇక్కడా ఉంచుకోర్లే’ అని గేటు దగ్గరే తేల్చేసుకుని వస్తారు. స్టాఫ్ ఉద్యోగాలు మానేసేది వీళ్ల దగ్గరే. చెయ్యి లేచేదీ వీళ్ల మీదే.

ఈ పిల్లలతో ఎలా పనిచేయాలో, అంటే రోజూ చూసుకోవడమే వాళ్లకి వైద్యంలా పనిచేసే ‘థెరప్యూటిక్ కేర్’ ఎలా చేయాలో నేర్పుతామని హైదరాబాద్ సంస్థ ఒకటి విజయవాడలో ఐదు రోజుల ట్రైనింగ్ పెట్టింది. మనిషికి 6,500 రూపాయలు, భోజనం వాళ్లదే, బస మనదే. సంస్థ పేరు రాయడం లేదు. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి. తిట్టేవి వాళ్లకే మెయిల్‌లో పంపాను. పైగా ఇలాంటి ట్రైనింగులు ఇప్పుడు చాలామంది ఇస్తున్నారు, సిలబస్ ఇంచుమించు ఒకటే. ఏది మంచిదో ఏది కాదో పోల్చుకోవడానికి ఈ రివ్యూ పనికొస్తే చాలు. పిల్లల పేర్లు, ఊళ్లు కూడా ఉండవు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం అవి బయటపెట్టడం నేరం. ఫేస్‌బుక్‌లో బర్త్‌డే ఫోటోలు పెట్టే దాతలకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

హాల్లో ఏసీ పనిచేయలేదు. భోజనం బాగుంది. ఇక అసలు విషయం.

మొదటి రోజు ట్రైనర్ మేడమ్ బోర్డు మీద ఇరవై నాలుగు గళ్లు గీసి, మీ హోమ్‌లో గొడవలన్నీ ఏ టైముకి అవుతాయో చెప్పమన్నారు. అన్ని హోముల వాళ్లూ చెప్పింది ఒకటే: పొద్దున నిద్ర లేపేటప్పుడు, స్నానాల దగ్గర, బడి నుంచి రాగానే, భోజనం వరుసలో, పడుకునే ముందు. ‘మరి కౌన్సెలర్ ఎప్పుడొస్తారు?’ అని అడిగారు. కొందరికి వారానికోసారి, కొందరికి నెలకోసారి, అదీ పగటిపూట, ఆఫీసు రూములో. గళ్ల మీద గుర్తు పెడితే గొడవలున్న గళ్లలో కౌన్సెలర్ ఎక్కడా లేరు. హౌస్ మదర్లు, ఆయాలు, వంటవాళ్లు, వాచ్‌మన్ ఉన్నారు. ‘పిల్ల బాగుపడేదైనా, ఇంకా పాడయ్యేదైనా ఈ గళ్లలోనే’ అన్నారు. మా కౌన్సెలర్ అమ్మాయి కొంచెం చిన్నబుచ్చుకుంది కానీ కాదనలేదు.

ఇది కొత్త సంగతేం కాదట. రెండో ప్రపంచ యుద్ధం టైములో బాంబుల భయంతో ఇంగ్లండ్ నగరాల పిల్లల్ని పల్లెటూళ్లలో ఇళ్లకి పంపారు. ఏ ఇంట్లోనూ ఇమడని పిల్లల కోసం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో హాస్టళ్లు పెట్టారు. అక్కడికి డాక్టర్‌గా వెళ్లిన డోనాల్డ్ విన్నికాట్, చాలా ఏళ్ల తర్వాత 1970లో ఒక ఉపన్యాసంలో అసలు మాట చెప్పాడు. వైద్యం చేసింది తను కాదట. గోడలు, పైకప్పు, వంటామె, టైముకి బల్ల మీదికొచ్చే తిండి, వెచ్చని దుప్పట్లు చేశాయట. అది వినగానే మా వంట అక్క నా వైపు తిరిగి ‘విన్నావా’ అన్నట్టు కనుబొమలెగరేసింది. నిజానికి ఆమె రావాల్సింది కాదు. హౌస్ మదర్ ఒకామె సెలవు పెడితే ఆ సీటు ఖాళీ పోకుండా తీసుకొచ్చాం. ఈ ట్రైనింగ్‌లో మాకు జరిగిన అన్నింటికన్నా మంచి పని అదే.

రెండో రోజు, పిల్ల కోపం ఎలా పెరిగి ఎలా దిగుతుందో చూపే గ్రాఫ్. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 1980ల మొదట్లో హోమ్ స్టాఫ్ కోసం ‘థెరప్యూటిక్ క్రైసిస్ ఇంటర్వెన్షన్’ అని, పిల్ల అదుపు తప్పినప్పుడు ఎలా సంభాళించాలో నేర్పే ఒక కోర్సు తయారుచేశారు. దానికి వేరే సర్టిఫికెట్ ఉంటుంది. మాకు నేర్పింది ఆ కోర్సు కాదు, దాంట్లోంచి తీసుకున్న ముక్కలు. ట్రైనర్ ఆ సంగతి దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. పిల్ల మామూలుగా ఉన్న దశ, ఏదో ఒకటి తగిలి కదిలే దశ, పెరిగే దశ, బద్దలయ్యే దశ, మళ్లీ దిగే దశ. ఒక్కో దశలో మనం చేయాల్సింది వేరు. కదిలే దశలో చిన్న సాయం చాలు: పక్కకొచ్చి నిలబడటం, లెక్క రాక విసిగిపోతుంటే మొదటి మెట్టు చెప్పడం, వేరే పని మీద పంపడం. బద్దలయ్యే దశలో మాటలు పనిచేయవు. పొంగుతున్న పాలకి బుద్ధి చెబుతామా, మంట తగ్గిస్తాం గానీ, అన్నారు మేడమ్.

మన హోముల్లో సరిగ్గా ఆ బద్దలయ్యే టైముకే ఉపన్యాసం మొదలవుతుంది. ‘నీకు తిండి పెట్టాం, బట్టలిచ్చాం, బడికి పంపుతున్నాం, ఇంత చేస్తే ఇదా నువ్వు చేసేది?’ హాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ వాక్యం కంఠతా వచ్చు. మేడమ్ దాన్ని మాచేత రోల్ ప్లే చేయించారు. పిల్లగా నన్ను కింద కూర్చోబెట్టి, ముగ్గురు నిలబడి ఒకేసారి ఆ మాటలన్నారు. నటనే అని తెలుసు, అయినా ఒళ్లు మండింది. కింద కూర్చున్నవాళ్లకి కనిపించేవి ముగ్గురి కాళ్లు, చూపుడు వేళ్లు. మాటలు ఒక్కటీ చెవికెక్కలేదు.

అప్పుడే ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక వార్డెన్ సార్ లేచి, ‘మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు మేడమ్, చిన్నప్పుడే రెండు తగిలించకపోతే రేపు ఎవరి మాట వింటారు?’ అన్నారు. హాల్లో సగంమంది తలలూపారు. మేడమ్ కోప్పడలేదు. ‘సార్, ఈ మొక్కని ఇప్పటికే నలుగురు వంచారు. అందుకే మీ దగ్గరికి వచ్చింది’ అన్నారు. తర్వాత చట్టం చెప్పారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 82 ప్రకారం సంస్థలో క్రమశిక్షణ పేరుతో పిల్లని కొడితే మొదటిసారి పది వేల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు. ఆ సార్ మిగతా రోజులన్నీ వచ్చారు, నోట్స్ కూడా రాసుకున్నారు. మారారో లేదో నాకు తెలియదు, భయపడ్డారు మాత్రం నిజం. ఈ రంగంలో భయం కూడా కొంత పనికొస్తుంది.

మూడో రోజు నాలుగు ప్రశ్నలు. ఇవీ కార్నెల్ కోర్సువే. గొడవ మధ్యలోకి అడుగుపెట్టే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి: ఇప్పుడు నాకేం అవుతోంది? ఈ పిల్లకి ఏం అవుతోంది, ఏం కావాలి? చుట్టూ ఉన్న పరిస్థితి దాన్ని ఎలా కెలుకుతోంది? నేనేం చేస్తే మేలు? మొదటి ప్రశ్న మన గురించే కావడం అందరికీ వింతగా అనిపించింది. వంతులవారీగా చెప్పమంటే, బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక ఆయా మైకు తీసుకుని, ‘నాకేం అవుతోందంటే మేడమ్, మూణ్ణెల్లుగా జీతం రాలేదు, పొద్దున ఆరింటికి ఎక్కిన డ్యూటీ, నా కొడుక్కి జ్వరం. ఆ పిల్ల పళ్లెం విసిరితే నాకు అదొక్కటే కనిపించదు కదా’ అంది. హాలంతా చప్పట్లు. ట్రైనర్ దగ్గర దానికి జవాబు లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన సెక్రటరీలు, డైరెక్టర్లు ఆ హాల్లో ఒక్కరూ లేరు. ఈ ట్రైనింగ్ మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే. పిల్ల విసుర్లని తట్టుకునే స్టాఫ్‌ని తట్టుకునేవాళ్లు పైన ఇంకొకరు ఉండాలి. వారానికోసారి టీమ్ కూర్చోవాలి, ‘నాకు ఈ పిల్లంటే ఒళ్లు మంట’ అని ఒక హౌస్ మదర్ భయం లేకుండా చెప్పగలగాలి. అది లేకపోతే నాలుగు ప్రశ్నలు గోడ మీద పోస్టర్‌గా మిగిలిపోతాయి. కొన్ని హోముల్లో మిగిలాయి కూడా.

నేను చిన్నబుచ్చడం లేదు గానీ, ఐదు రోజుల్లో ఒక్క పూట మేనేజ్‌మెంట్‌కి కేటాయిస్తే చాలు. ఫీజులో తగ్గింపు ఇస్తామంటే వాళ్లూ వస్తారు.

ఇక మూడో రోజు మధ్యాహ్నం. ఇంగ్లండ్‌లో బార్బరా డాకర్-డ్రైస్‌డేల్ అనే ఆవిడ 1948లో మల్బరీ బుష్ అని ఒక స్కూల్ పెట్టారు. తీవ్రంగా దెబ్బతిన్న చిన్నపిల్లలు అక్కడే ఉండి చదువుకునే స్కూల్, ఇప్పటికీ నడుస్తోంది. పసితనంలో అందాల్సింది అందని పిల్లకి ఉపన్యాసం, బహుమతి, శిక్ష ఏవీ ముందు పనిచేయవని ఆవిడ లెక్క. ఒక పెద్దమనిషి, ఒక చిన్న వస్తువు, ఒక టైము. ఆ పిల్లకే ప్రత్యేకంగా, తను కోరినట్టే, తప్పకుండా అందాలి. ఏదైనా కావచ్చు, తప్పకుండా అందడం ముఖ్యం. ‘అందరికీ సమానం’ అన్న సూత్రం మీద నడిచే మన హోముల్లో ఇది వినగానే గోల మొదలైంది. ఒకరికి పెడితే మిగతా నలభై మంది ఊరుకుంటారా? మేడమ్ చెప్పింది: అడుగుతారు, కానీ అందరూ అదే అడగరు. నాకు నమ్మకం కుదరలేదు.

మా దగ్గర పదకొండేళ్ల పిల్ల ఒకర్తి ఉంది. ఇక్కడ బుజ్జి అని రాస్తాను. పరుపెత్తితే చపాతీ ముక్కలు, కవర్లో పెరుగన్నం, సగం తిన్న అరటిపండు, వాటి చుట్టూ చీమలు. దీనికోసమే మా హోమ్‌లో శనివారం బెడ్ చెకింగ్ పెట్టారు. దొరికిందల్లా పారేసి, అందరి ముందూ నిలబెట్టి తిట్టడం. మరుసటి వారానికి దాచే చోటు మారేది, అంతే. ట్రైనింగ్ నుంచి వచ్చాక దాన్ని దొంగతనం అనడం మానేసి, వంట అక్కే ఒక స్టీలు డబ్బా తీసింది. మరమరాలు, వేయించిన పల్లీలు, రెండు బెల్లం ముక్కలు. డబ్బా మీద బుజ్జి పేరు. వంటింట్లో తనకి అందే అరలో పెట్టి, ‘ఇది నీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో, అర్ధరాత్రయినా సరే. ఖాళీ అయితే నేనే నింపుతా’ అని చెప్పింది.

మొదటి రాత్రులు నిద్ర లేచి మరీ వెళ్లి తెరిచి చూసేది. తినడానికి కాదు. ఉందా లేదా అని. ఒక్కోసారి మొత్తం ఖాళీ చేసి, పొద్దున్నే నిండిందో లేదో చూసేది. మిగతా పిల్లలు అడిగారు, నిజమే. కానీ మేడమ్ చెప్పినట్టే ఒకర్తి పడుకునే ముందు తలకి నూనె రాయమంది. ఇంకొకర్తి బాత్రూమ్ దాకా తోడు రమ్మంది. డబ్బా అడిగినవాళ్లు ఇద్దరే. వాళ్లకీ పెట్టాం, వారం తిరిగేసరికి వాళ్లు మర్చిపోయారు. పరుపు కింద చీమలు తగ్గాయి. పూర్తిగా పోలేదు.

దసరాకి వంట అక్క ఊరెళ్లింది. బదులొచ్చినామెకి డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు, హ్యాండోవర్ రిజిస్టర్‌లో లేదు. రాత్రి పదకొండు దాటాక బుజ్జి డబ్బా తెరిచింది. ఖాళీ. డబ్బా వెళ్లి ట్యూబ్‌లైట్‌కి తగిలింది, ఆ తర్వాత పళ్లేల దొంతర. నైట్ డ్యూటీ ఆయా కూడా ట్రైనింగ్‌కి వచ్చినామే. నేను వెళ్లేసరికి మిగతా పిల్లల్ని అవతలి గదిలోకి పంపేసింది, చెప్పులేసుకుని గాజు పెంకులు ఒక మూలకి ఊడ్చేసింది, కత్తిపీట తీసి బయట పెట్టింది. గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. అడ్డంగా కాదు, పక్కగా. మధ్యమధ్యలో ఒక్కటే మాట: ‘నేనిక్కడే ఉన్నా బుజ్జీ. ఎవరూ కొట్టరు.’ నన్ను కళ్లతోనే ఆగమంది. చాలాసేపు పట్టింది. చివరికి పిల్ల గ్యాస్ బండ పక్కన కూలబడి ఏడ్చింది. వేడి పాలు తాగించి పడుకోబెట్టాం. ఆ రాత్రి ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున నేను కూర్చున్నా. ఇలా కూర్చుని మాట్లాడే పద్ధతికి మూలం ఫ్రిట్జ్ రెడ్ల్. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లి, 1946లో డెట్రాయిట్‌లో పయొనీర్ హౌస్ అని, కోపంతో రగిలే మగపిల్లల కోసం ఒక చిన్న హోమ్ నడిపాడు. డబ్బులు లేక రెండేళ్లు నిండకుండానే అది మూతపడింది (ఎక్కడైనా ఇదే కథ అన్నమాట). గొడవ జరిగిన చోటే, జరిగిన కొద్దిసేపటికే, పిల్లతో రోజూ ఉండే మనిషే మాట్లాడాలన్నది ఆయన పద్ధతి. కార్నెల్ వాళ్లు దాన్ని మెట్లుగా చేశారు: పక్కకి తీసుకెళ్లు, పిల్ల వైపు కథ విను, విన్నది తిరిగి చెప్పు, కోపానికీ చేసిన పనికీ ముడి వెయ్యి, ఈసారి ఏం చేయొచ్చో ఇద్దరూ చూడండి, అనుకున్నది చేసి చూపించమను, మళ్లీ రోజువారీ పనిలోకి పంపు.

‘రాత్రి ఏమైందో నీ నోటితో చెప్పు’ అన్నాను.

‘చెప్పడానికేముంది. డబ్బా ఖాళీ.’

‘ఖాళీ డబ్బా చూడగానే ఏమనిపించింది?’

‘మా పిన్ని కూడా అట్టాగే. రేపు పెడతా, రేపు పెడతా అనేది.’

‘అంటే మేమూ నిన్ను మోసం చేశామనిపించింది.’

చాలాసేపు గోళ్లు కొరుక్కుంది. ‘పంపించేస్తున్నారేమో, అందుకే నింపలేదనుకున్నా’ అంది.

ఆ మాట ఒక్కో పిల్లకీ విడిగా రాసే ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్‌లో ఎక్కడా లేదు. ఆ ప్లాన్ రాసే ఫారం 7లో గడులన్నీ నింపి పెట్టాం, కేస్ హిస్టరీ ఉంది, ఐక్యూ ఉంది. పళ్లెం ఎందుకు ఎగిరిందో మాత్రం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

‘ఎవరూ పంపడం లేదు. వంట అక్క ఊరెళ్లింది, కొత్తామెకి చెప్పడం మరిచారు. మళ్లీ ఎప్పుడైనా ఖాళీగా కనబడితే ఏం చేద్దాం?’

‘అరుస్తా.’

‘అరువు. పళ్లేల జోలికి పోకుండా అరువు. వచ్చి నన్ను లేపు.’

‘నువ్వు లేవకపోతే?’

‘లేచేదాకా తలుపు కొట్టు.’

వెంటనే లేచి వెళ్లి, నా గది తలుపు ఎంత గట్టిగా కొట్టొచ్చో కొట్టి చూసింది. ఏడో మెట్టుకి ముందు ఆరోది తనంతట తనే చేసేసింది. తర్వాత పళ్లేలు కడిగి బడికి పోయింది. సాయంత్రం తను వచ్చేలోపు డబ్బా నిండింది.

బుజ్జి బాగైపోయిందని రాయడం లేదు. బూతులు అలాగే ఉన్నాయి, పోయిన నెల ఒకమ్మాయిని కొరికింది. కానీ గోడకి తల బాదుకోవడం తగ్గింది, రాత్రి తలుపు కొట్టిన శబ్దం మాత్రం నాకు బాగా అలవాటైంది.

ఇప్పుడు నాలుగో రోజు. పొద్దున సెషన్ బాగుంది: పిల్ల తనకి జరిగిన ఘోరం రాత్రిపూట హౌస్ మదర్‌కి చెబితే ఏం చేయాలి. గుచ్చి గుచ్చి అడగొద్దు, నమ్మనట్టు మొహం పెట్టొద్దు, ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు పెట్టొద్దు. ఎందుకంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ప్రకారం చెప్పి తీరాలి. పిల్ల వాడిన మాటలే రాసుకోవాలి, మన మాటల్లోకి మార్చకూడదు. ఎవరెవరికి చెబుతామో ఆ పిల్లకి ముందే చెప్పాలి. ఇది ప్రతి హోమ్‌లో ప్రతి ఆయాకీ తెలియాలి.

మధ్యాహ్నం మాత్రం ఘోరం. చాపలు పరిచి, ఎదురు తిరిగే పిల్లని ‘సేఫ్‌గా’ పట్టుకోవడం ఎలాగో వేరే ఒక సార్ వచ్చి గంటలోపు చూపించేశారు. చేతులు వెనక్కి, మోకాలు ఇలా, బరువు అలా. ఒక్కొక్కరం ఒక్కసారి చేశాం, అయిపోయింది. పరీక్ష లేదు, ఎప్పుడు చేయకూడదో చెప్పలేదు. పిల్లని బోర్లా పడేసి పైన బరువు వేస్తే ఊపిరాడక చనిపోవచ్చు అన్న ముఖ్యమైన మాట చాయ్ బ్రేక్‌లో ఎవరో అడిగితే గానీ రాలేదు. ఉబ్బసం ఉన్న పిల్లలు, గతంలో అత్యాచారానికి గురైన పిల్లలు పట్టుకోగానే ఇంకేమవుతారో ఊసే లేదు. సగం నేర్పితే ఏమీ నేర్పకపోవడం కన్నా ప్రమాదం. ఇంటికెళ్లి ఎవరో ఒకరు ‘ట్రైనింగ్‌లో చూపించారు’ అని ప్రయోగం చేస్తారు. మా హోమ్‌లో దాన్ని వాడొద్దని రాసి పెట్టించాం.

ఐదో రోజు కొంచెం హడావిడి. మంచిగా ఉంటే స్టార్ ఇచ్చి, తప్పు చేస్తే తీసేసే స్టార్ చార్టుల గురించి మాత్రం ఒక మంచి ముక్క చెప్పారు: మంగళవారానికే స్టార్లన్నీ పోగొట్టుకున్న పిల్లకి ఆదివారం దాకా పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు, అందుకే అప్పటి నుంచి అసలు గొడవ మొదలవుతుంది. ఇది మాకు అనుభవమే. మందులు, చెయ్యి కోసుకోవడం, చచ్చిపోతానన్న మాటలు, వీటిని ఒకే స్లైడ్‌లో ‘డాక్టర్‌కి చూపించండి’ అని దాటేశారు. నేను అక్కడే లేచి అడిగాను, టైం లేదన్నారు. తెలియనివాళ్ల కోసం: పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఏ టైముకైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్ల చచ్చిపోతానంటే అది డ్రామా అవునా కాదా అని తేల్చే పని హౌస్ మదర్‌ది కాదు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు.

స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు హ్యాండవుట్ ఇచ్చారు గానీ రెండు పేజీలు చదివేసరికి తల నొప్పి. మేడమ్ నోటితో చెప్పిన తెలుగు ఎంత బాగుందో, కాగితం మీది తెలుగు అంత కష్టంగా ఉంది. ఆయాలు దాన్ని తిరిగి చూడలేదు. మేడమ్ చెప్పింది ఎవరైనా రికార్డు చేసి కాగితం మీద పెడితే చాలు.

ఫాలో అప్ మూడు నెలలకి ఒక జూమ్ కాల్ అన్నారు. వచ్చింది, అరగంట. సర్టిఫికెట్ల డౌన్‌లోడ్ గురించే సగం పోయింది. కొత్తగా చేరిన స్టాఫ్‌కి ఎవరు నేర్పాలో చెప్పలేదు. మా హోముల్లో ఏడాదికి ఇద్దరు ముగ్గురు మారిపోతుంటారు, మరి.

ఎవరు వెళ్లాలి? ఇరవై, ముప్పై మందికి మించని పిల్లలుండి, స్టాఫ్ కనీసం ఏడాదైనా నిలిచే హోములు తప్పక వెళ్లండి. వందమంది పిల్లలకి రాత్రిపూట ఒక్క ఆయా ఉండే చోట ముందు ఆ డబ్బుతో ఇంకొక ఆయాని పెట్టుకోండి. ఇద్దరు లేకుండా నేను పైన చెప్పిన దసరా రాత్రి నడవదు. ఒకరు పిల్ల దగ్గర కూర్చుంటే ఇంకొకరు మిగతావాళ్లని చూడాలి కదా. డబ్బులు అసలు లేవంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల కోసం పనిచేసే ‘సంవాద్’ విభాగం వాళ్లు పిల్లల సంస్థల స్టాఫ్ కోసం శిక్షణలు ఇస్తుంటారు, మీ జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ద్వారా అడిగి చూడండి.

బుక్ చేసే ముందు సంస్థ వాళ్లని నేరుగా అడగండి: ట్రైనర్ ఎప్పుడైనా హోమ్‌లో నైట్ డ్యూటీ చేశారా? మా మేడమ్ చేశారు, అది మొదటి గంటలోనే తెలిసిపోయింది. పట్టుకోవడాల సెషన్ ఉందా? ఉంటే ఎన్ని గంటలు, పరీక్ష ఉందా? గంటే అంటే ఆ పూట మీవాళ్లని వెనక్కి పిలిపించుకోండి. వంటవాళ్లకి, వాచ్‌మన్‌కి సీటిస్తారా? ‘అది టీచింగ్ స్టాఫ్‌కే’ అంటే వేరే చోటు చూసుకోండి.

సంక్రాంతి తర్వాత రెండో బ్యాచ్ ఉందట. మా వాచ్‌మన్ బాబాయ్‌ని పంపుతున్నాం. గేటు దూకి పారిపోబోయే పిల్లని మొదట చూసేది ఆయనే. రావడానికి ఒప్పుకున్నాడు గానీ, ఏసీ బాగు చేయించారో లేదో కనుక్కోమన్నాడు.